ఇంజను అరుస్తుంది, పడవ కదలదు

2023 జులైలో మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరంలో హైదరాబాద్–విజయవాడ రహదారి మీదికి వచ్చేసింది. బండ్లన్నీ ఆగిపోయాయి. అలాంటి వరదలో నీళ్లు చుట్టుముట్టిన ఊరికి చేరాలంటే ఔట్‌బోర్డ్ మోటారు పడవే దిక్కు. నీటి కింద ఏ గట్టురాయి, ఏ చెట్టుమొద్దు ఉందో కనపడదు. ప్రొపెల్లర్ దానికి తగిలితే?

అందుకే చాలా ప్రొపెల్లర్ల నడుమ గట్టి రబ్బరు బుష్ ఉంటుంది. షాఫ్ట్‌కు పట్టి ఉండే లోపలి గొట్టానికీ, రెక్కలున్న బయటి భాగానికీ మధ్య దాన్ని బిగుతుగా దిగగొడతారు. రాయి తగిలినప్పుడు రబ్బరు కాస్త జారి, లోపలి గేర్ల పళ్లను కాపాడుతుంది.

ఒకసారి పట్టు సడలిందా, ఆ మేలే కీడవుతుంది. నెమ్మదిగా పోతే పడవ బాగానే నడుస్తుంది. యాక్సిలరేటర్ పెంచగానే ఇంజను గీపెడుతుంది గానీ వేగం రాదు. ప్రొపెల్లర్‌కు నాచు చుట్టుకున్నా, మోటారు మరీ ఎత్తున బిగించినా ఇలాగే అవుతుంది కాబట్టి ముందు అవి చూడాలి. ఠక్ ఠక్‌మని గేరు జారుతుంటే లోపం గేర్‌బాక్సులోనే ఉండొచ్చు.

తేల్చుకోవడం తేలికే. ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్ వైర్లు తీశాకే ప్రొపెల్లర్ మీద చెయ్యి వెయ్యాలి. ఇందులో రాజీ వద్దు. లోపలి గొట్టం మీది నుంచి రబ్బరు దాటి బయటి అంచు దాకా పెయింటుతో ఒకే గీత గీసి ఆరనివ్వాలి. వైర్లు తిరిగి తగిలించి, నీళ్లలో ఒకసారి గట్టిగా నడిపి, మళ్లీ చూడాలి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందంటే బుష్ జారుతున్నట్టే. అప్పుడు వేగం తగ్గించుకుని ఒడ్డు చేరి, ప్రెస్ ఉన్న వర్క్‌షాపులో కొత్త బుష్ దింపించుకోవాలి.