గ్రంథాలయోద్యోగి భయం

"పుస్తకాలున్నవి గాని, అడిగితే ఇవ్వరు." కోయంబత్తూరులోను, మధురలోను స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో పెద్దలు తరచు చెప్పే మాట ఇది. ఇవ్వనివానికి పొగరనీ, బద్ధకమనీ అనుకోవడం సులభం. ఇన్నేండ్లు గుమాస్తా కుర్చీలో కూర్చున్న మాకు మాత్రం అక్కడ పొగరు కంటె భయమే ఎక్కువగా కనబడుతుంది.

లెక్క చూచేనాడు రిజిష్టరులో ఉన్న పుస్తకం అరలో లేకపోతే, దాని వెల ఉద్యోగి నెత్తిన వేసే ఆచారం మన దేశంలో చాలాచోట్ల సాగింది. నెలజీతంతో ఇల్లు గడుపుకునేవాడు అప్పుడేం చేస్తాడు? బీరువాకు తాళం వేసి చెవి మొలలో దోపుకుంటాడు. పుస్తకం బయటకు పోకపోతే పోయిందనే మాటే రాదు గదా! తిట్లు చదువరి తిడతాడు, జీతం కోసేది పైవాడు. ఈ రెండింటిలో దేనికి జంకాలో ఎవరైనా చెప్పగలరు.

1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా చేరిన షియాళి రామామృత రంగనాథన్ గారు అంతకుముందు లెక్కల అధ్యాపకులు. చేరిన కొద్దిరోజులకే ఆ ఒంటరి కొలువు భరించలేక, తిరిగి కాలేజీకే పంపమని అడిగారట. లండను వెళ్లి, ఆ దేశపు గ్రంథాలయాలు చూచిన పిమ్మటనే వారి మనసు కుదిరింది. తిరిగి వచ్చి, చదువరులే అరల మధ్యకు వెళ్లి పుస్తకం తీసుకునే పద్ధతి పెట్టారు. 1931లో అచ్చయిన వారి పంచసూత్రాలలో మొదటిది పుస్తకాలున్నది వాడుకోవడానికేనని చెబుతుంది. 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టం వెనుకనున్నదీ వారి కృషియే. ఆ చట్టం ప్రకారం ఆస్తిపన్నుతో బాటు గ్రంథాలయ పన్ను మనమందరం కడుతూనే ఉన్నాము.

ఇక భయానికి మందు కేంద్రప్రభుత్వపు 2017 ఆర్థిక నియమావళిలోనే ఉన్నది. ఏడాదిలో ఎరువిచ్చిన, చదివిన పుస్తకాలు వెయ్యింటికి ఐదు చొప్పున పోతే అది సహజమైన నష్టమే అని అందులో వ్రాశారు. మోసం గాని, అజాగ్రత్త గాని ఉండరాదు. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకమో, అరుదైనదో పోతే మాత్రం విచారణ తప్పదు. ఇంత దయగల మాట సర్కారు నిబంధనలలో దొరుకుతుందని మేమనుకోలేదు! అది కేంద్రప్రభుత్వ కార్యాలయాలకు వర్తించేది, నిజమే. అయితే ఒక సంఘం దానిని తీర్మానంగా చేసుకుంటే అడ్డుపడేవారెవరు?

తాళమే కూడదని మా వాదం కాదు. తంజావూరు సరస్వతీ మహలులోని తెలుగు తాళపత్రాలను ఎవరుబడితే వారు తిరగవేయరాదు. అచ్చు పుస్తకాలకు, నవలలకు ఆ కాపలా దేనికి?

మన సంఘాల గ్రంథాలయాలలో మరొక చిక్కు ఉన్నది. అక్కడి సహాయకుడు తరచు తమిళమే చదవగలవాడు. తెలుగు పేరు చెప్పి పుస్తకం తెమ్మంటే బీరువా ముందు దిక్కుతోచక నిలబడతాడు. పెద్దమనిషి నలుగురి ఎదుట "ఇదికూడా తెలియదా?" అంటాడు. మరునాటినుండి ఆ బీరువా తెరుచుకోదు. పుస్తకాల వీపుమీద పేరు తమిళ లిపిలో కూడ వ్రాసి అంటిస్తే ఈ అవమానం తప్పుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళమే చదివే మన పిల్లలకూ అది పనికివస్తుంది. తప్పుంటే గదిలోకి పిలిచి చెప్పవచ్చును. భోజనవేళకు అరగంట ఆ కుర్చీలో కూర్చునేందుకు కార్యవర్గంలో ఒకరు రాలేరా?

రాబోయే సర్వసభ్య సమావేశంలో వెయ్యికి ఐదు లెక్కను అంగీకరించి, పోయిన పుస్తకాల జాబితా ఏటేటా చదివి రిజిష్టరులో కొట్టివేసి, వాటిని మళ్లీ కొనడానికి బడ్జెట్టులో కొంత సొమ్ము కేటాయిస్తే, తాళపుచెవి మేజా సొరుగులోకి పోవచ్చును.