గిటారు లేని బ్యాండు: బస్తర్ వాద్యాలను ఒక్కచోట చేర్చిన అనూప్ రంజన్ పాండే

బ్యాండు అనగానే మనకు రెండు దృశ్యాలు స్ఫురిస్తాయి. ఒకటి పెళ్లి ఊరేగింపు ముందు నడిచే బ్యాండు మేళం. రెండవది విద్యుత్ గిటార్లు, డ్రమ్ములు, చెవులు చిల్లులు పడే స్పీకర్లతో వేదికను కుదిపే రాక్ బృందం. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ‘బస్తర్ బ్యాండ్’ ఈ రెండింటిలో దేనికీ చెందదు. అందులో గిటారు ముందుండి నడిపించదు. చెట్టు మొద్దును తొలిచి చర్మం బిగించిన డోళ్లు, ఇత్తడి మూతి గల మోహ్రీలు, వెదురు గొట్టాలు, వింటి నారి మోగించే ధన్‌కుల్ అందులోని వాద్యాలు. ఈ బృందాన్ని రూపొందించిన రంగస్థల కళాకారుడు, జానపద సంగీతకారుడు అనూప్ రంజన్ పాండేకు 2019లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది. అదే సంవత్సరం అదే రాష్ట్రానికి చెందిన పాండవానీ గాయని తీజన్ బాయి పద్మవిభూషణ్ పొందారు.

ఒక ప్రసిద్ధ బృందంలో ఎదిగిన కళాకారుడు ఆ బృందం వెలుపల ఏమి చేయగలడు? పాండే ప్రస్థానం ఈ ప్రశ్నకు ఒక సమాధానం. అంతకంటె పెద్ద ప్రశ్న మరొకటి ఉంది. అడవిలో, దేవుని గుడి ముందు, పంట కళ్లంలో పుట్టిన వాద్యం వేదిక మీదికి వస్తే బ్రతుకుతుందా?

నయా థియేటర్ నేర్పిన పాఠం

బిలాస్‌పూర్‌కు చెందిన పాండే, సుప్రసిద్ధ దర్శకుడు హబీబ్ తన్వీర్ స్థాపించిన ‘నయా థియేటర్’లో నటునిగా పనిచేశారు. ఆయన తరువాతి కృషిని అర్థం చేసుకోవడానికి ఆ సంస్థ స్వభావం తెలియాలి.

1923లో రాయ్‌పూర్‌లో జన్మించిన తన్వీర్ లండన్‌లో నాటక విద్య అభ్యసించి, ఐరోపా దేశాలలో పర్యటించి స్వదేశానికి తిరిగి వచ్చారు. శూద్రకుని మృచ్ఛకటికం ఆధారంగా 1958లో ‘మిట్టీ కీ గాడీ’ నాటకాన్ని ప్రదర్శించినప్పుడు, అందులో ఆరుగురు ఛత్తీస్‌గఢీ పల్లె కళాకారులను రంగస్థలం ఎక్కించారు. 1959లో నయా థియేటర్ ఏర్పడింది. మొదట్లో ఆ పల్లె నటులు నేర్చిన హిందీలో పలుకుతూ తడబడేవారు. వారిని తమ భాషలోనే, తమ నాచా పద్ధతిలోనే నటించనివ్వాలని తన్వీర్ క్రమంగా గ్రహించారు. ఆ మార్పు ఫలితమే 1975 నాటి ‘చరణ్‌దాస్ చోర్’. 1982లో ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవంలో ఆ నాటకానికి ఫ్రింజ్ ఫస్ట్ పురస్కారం లభించింది.

పల్లె కళాకారుణ్ణి పట్నపు కళకు తగినట్లు దిద్దడం కాదు, పట్నపు వేదికనే అతనికి అనువుగా మార్చుకోవాలి అన్నది ఆ అనుభవంలోని సారాంశం. తన్వీర్ ఈ సూత్రాన్ని నటనకు అన్వయించారు. పాండే దానిని వాద్యాలకు అన్వయించారని చెప్పవచ్చు. ఆయన బస్తర్ పల్లెలలో తిరిగి, వాడుక తగ్గిపోతున్న వాద్యాలను సేకరించారు. అయితే సేకరించిన వాద్యాన్ని అద్దాల పెట్టెలో ఉంచితే అది వస్తువుగా మాత్రమే మిగులుతుంది. దానిని వాయించే మనిషి కూడా రావాలి. ఆ ఆలోచనే బృందంగా రూపుదిద్దుకుంది.

బృందానికి ఎవరి పేరు?

రాక్ సంగీతంలో గిటారు వాద్యకారుడు బృందం నుంచి బయటకు వస్తే సాధారణంగా తన పేరును ముందుంచుకొని కొత్త ప్రయాణం ఆరంభిస్తాడు. మన దేశంలోనే ఇందుకు ఉదాహరణ ఉంది. 1990లో ఢిల్లీలో ‘ఇండియన్ ఓషన్’ బృందాన్ని స్థాపించినవారిలో ఒకరైన గిటారు కళాకారుడు సుస్మిత్ సేన్ 2013లో ఆ బృందాన్ని వీడి, తన పేరుతోనే సంగీతాన్ని కొనసాగించారు. అది సహజం. గిటారు వాద్యకారుని గుర్తింపు అతని వేళ్లలో, అతని స్వరంలో ఉంటుంది.

బస్తర్ బ్యాండ్‌కు మాత్రం వ్యక్తి పేరు లేదు, ప్రాంతం పేరే ఉంది. అందులో వేర్వేరు ఆదివాసీ సమూహాల స్త్రీ పురుషులు తమ తమ వేషభూషణాలతో, తమ భాషలలో పాడుతూ వాయిస్తారు. బస్తర్‌లో మురియా, దండామి మారియా, హల్బా, భత్రా, ధుర్వా, దోర్లా తదితర సమూహాలు నివసిస్తున్నాయి. ప్రతి సమూహానికీ తనదైన వాద్య సంపద ఉంది. వాటన్నిటినీ ఒకే వేదికపై కూర్చడం పూర్వం నుంచి వస్తున్న సంప్రదాయం కాదు, అది ఆధునిక ప్రయోగం. ఈ బృందం విశిష్టత, పరిమితి రెండూ ఇక్కడే ఉన్నాయి.

వాద్యాల లోకం

మురియాల పురాగాథలలో లింగో అనే ఆదిపురుషుడు పద్దెనిమిది వాద్యాలను ఏకకాలంలో వాయించగలిగిన తొలి సంగీతకారుడు. యువతీ యువకుల నివాసమైన ఘోటుల్‌ను నెలకొల్పినవాడు కూడా ఆయనే. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1947లో ప్రచురించిన మురియాల అధ్యయనంలో ఈ గాథలకు ప్రముఖ స్థానం ఇచ్చారు. మురియాలకు సంగీతం కేవలం వినోదం కాదని, అది దైవదత్తమైన విద్య అని ఈ కథ తెలియజేస్తుంది.

ఇక్కడి వాద్యాలకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క కర్తవ్యం ఉంది. మోహ్రి మన సన్నాయిని పోలిన ఊదుడు వాద్యం. నగారా, తుడ్‌బుడి పుల్లలతో కొట్టే చర్మ వాద్యాలు. జాతరలలో ఈ మూడూ కలసి మోగుతాయి. ఒక్కొక్క దేవతకు ఒక్కొక్క ప్రత్యేకమైన బాణీ ఉంటుంది. ఆ బాణీ వినిపించినప్పుడే ఆ దేవత ‘సిరహా’ అని పిలిచే పూనకపు పూజారిని ఆవహిస్తుందని అక్కడివారి విశ్వాసం. బాణీ తప్పితే పిలుపు తప్పినట్లే.

ధన్‌కుల్ నిర్మాణం మరింత ఆశ్చర్యకరం. కుండ మూతిపై వెదురు చేటను బోర్లించి, దానిపై విల్లు కొసను ఆనిస్తారు. వింటి కర్రకు గాట్లు ఉంటాయి. వెదురు పుల్లతో ఆ గాట్లను గీరుతూ, మరొక చేతితో నారిని మీటుతారు. కుండలోని ఖాళీ ఆ నాదాన్ని పెంచుతుంది. గిటారులో చెక్కపెట్టె చేసే పనిని ఇక్కడ మట్టికుండ చేస్తుంది. ఈ వాద్యాన్ని వాయించేవారు ‘గురుమాయి’ అనే స్త్రీలు. వారు హల్బీ భాషలో ‘జగార్’ అనే మౌఖిక మహాకావ్యాలను రోజుల తరబడి గానం చేస్తారు. వాటిలో లచ్మీ జగార్ ధాన్యలక్ష్మి కథ. కొండగావ్‌కు చెందిన హరిహర్ వైష్ణవ్ వంటి పరిశోధకులు ఈ గానాన్ని గ్రంథస్థం చేయడానికి ఎంతో కృషి చేశారు.

వేదికపై ఎదురయ్యే చిక్కులు

ఇటువంటి వాద్యాలను ఒక్కచోట చేర్చడం సులభం కాదు. ఊదుడు వాద్యం శ్రుతి గొట్టం పొడవును బట్టి, రంధ్రాల స్థానాన్ని బట్టి నిర్ణయమవుతుంది. చేతితో చేసిన రెండు వాద్యాలకు ఒకే శ్రుతి కుదరడం అరుదు. గిటారు తీగను బిగించి శ్రుతి సరిచేసుకోవచ్చు. వెదురు గొట్టాన్ని ఆ విధంగా మార్చలేము. చర్మ వాద్యం వానకాలపు తేమకు వదులవుతుంది, నిప్పు సెగకు బిగుసుకుంటుంది.

కాలం మరొక చిక్కు. జగార్ గానానికి రోజులు కావాలి. వేదిక ఇచ్చేది నిమిషాలు మాత్రమే. కోత అనివార్యం. సిరహాను ఆవహింపజేసే బాణీ సభలో వినిపించినప్పుడు అది పిలుపుగా ఉండదు, ప్రదర్శన అవుతుంది. కాబట్టి ఊరిలోని జాతరకు బస్తర్ బ్యాండ్ ప్రత్యామ్నాయం కాలేదు. అయితే ఆ వాద్యం ఒకటి ఉన్నదని బయటి ప్రపంచానికి తెలుపగలదు. వాయించే యువకునికి తన విద్యకు గౌరవం ఉందన్న నమ్మకం కలిగించగలదు. ఇది చిన్న విషయం కాదు.

ఊరు కదిలితే వాద్యం ఏమవుతుంది?

బస్తర్ దశాబ్దాలుగా సాయుధ సంఘర్షణను చవిచూసింది. 2005లో సల్వాజుడుం ఆరంభమైన తరువాత దక్షిణ బస్తర్‌లో అనేక గ్రామాలు ఖాళీ అయ్యాయి. వేలాది మంది రహదారుల వెంట ఏర్పడిన శిబిరాలకు చేరారు. ఎంతోమంది శబరి, గోదావరి తీరాల తెలుగు ప్రాంతాలకు వలస వచ్చారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి సాయుధులను చేయడం రాజ్యాంగవిరుద్ధమని తీర్పునిచ్చింది.

వలస వెళ్లే కుటుంబం బియ్యం, వంటపాత్రలు, పసిబిడ్డలను మోసుకొని నడుస్తుంది. పెద్ద డోలు వెనుకనే ఉండిపోతుంది. ఊరి దేవత, ఆ దేవతకు చెందిన చెట్టు, కొలుపు జరిగే స్థలం కూడా అక్కడే ఉండిపోతాయి. సందర్భమే లేనప్పుడు బాణీ ఎవరు నేర్చుకుంటారు? వాద్యం అంతరించడమంటే చెక్క పుచ్చిపోవడం కాదు, దానిని మోగించవలసిన రోజు పంచాంగం నుంచి తొలగిపోవడం. 2025లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘బస్తర్ పండుమ్’ పేరుతో ఆదివాసీ కళల ఉత్సవాన్ని నిర్వహించింది. గోండీలో ‘పండుమ్’ అంటే మన ‘పండుగ’యే. గోండీ, కోయ, తెలుగు ద్రావిడ భాషా కుటుంబంలో ఒకే శాఖకు చెందినవి కావడమే ఈ పోలికకు కారణం.

తయారు చేసే చేతులు

వాద్యం నిలవాలంటే వాయించేవారితో పాటు తయారుచేసేవారు కావాలి. ఈ సత్యానికి ఆలస్యంగానైనా గుర్తింపు లభించింది. నారాయణ్‌పూర్ జిల్లా గఢ్‌బెంగాల్‌కు చెందిన మురియా కళాకారుడు పండీరామ్ మండావికి 2025లో పద్మశ్రీ ప్రకటించారు. చెక్క శిల్పాలతో పాటు ‘సులుర్’ అనే బస్తర్ వేణువును తయారుచేయడంలో ఆయన ప్రసిద్ధులు. ఈ వేణువును పెదవులకు ఆనించి ఊదరు. చేత పట్టి గాలిలో తిప్పుతారు. వెదురు గొట్టం అంచును తాకిన గాలియే నాదమవుతుంది.

2019లో వాద్యాలను వేదికకు చేర్చిన వ్యక్తికి, 2025లో వాద్యాన్ని చెక్కే వ్యక్తికి లభించిన ఈ రెండు పురస్కారాలను కలిపి చూడాలి. ఒకటి లేనిదే రెండవది అసంపూర్ణం.

గోదావరికి ఇవతల

ఇది బస్తర్‌కు మాత్రమే పరిమితమైన కథ కాదు. అడవి దున్న కొమ్ములు ధరించి, డోలు మెడకు తగిలించుకొని ఆడే దండామి మారియాల నృత్యానికి భద్రాచలం మన్యంలోని కొమ్ము కోయ నృత్యం సోదర రూపం. కోయల వంశగాథలను డోలు వాద్యంతో గానం చేసిన సకిని రామచంద్రయ్యకు, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. రామచంద్రయ్య 2024లో కన్నుమూశారు. ఆయనతో పాటు ఎన్ని గాథలు మౌనం వహించాయో చెప్పడం కష్టం.

పురస్కారం ఒక తరాన్ని గౌరవిస్తుంది, తరువాతి తరాన్ని తయారుచేయదు. ఆ పనికి నేర్చుకొనే పిల్లలు, నేర్పే పెద్దలు, చెక్కే చేతులు, మోగించవలసిన పండుగ కావాలి. అనూప్ రంజన్ పాండే ఒక గొప్ప నాటక బృందంలో నేర్చినదాన్ని తన పేరు కోసం కాక ఒక ప్రాంతం పేరు కోసం వినియోగించారు. ఆ బృందం వేదిక దిగిన తరువాత, ఆ డోలు తిరిగి ఊరికి చేరి తన దేవత ముందు మోగినప్పుడే ఆ కృషి పూర్తిగా ఫలించినట్లు.