ఈస్టు కణమున తయారైన టీకా

సుచిత్ర కూడలి నుండి నాగపూరు రోడ్డున ఉత్తరముగా పోయినచో మేడ్చల్ వచ్చును. అచ్చటి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో దేశమున తొలి పునఃసంయోజిత హెపటైటిస్-బి టీకాను వెలువరించినది.

కామెర్లు కలిగించు ఆ వైరస్ యొక్క పైపొర మాంసకృత్తునకు చెందిన జన్యువును మాత్రము తీసి ఈస్టు కణమున చేర్చుదురు. రొట్టె పిండిని పులియబెట్టు ఈస్టునకు ఇది దాయాదియే. అది పెరుగుచు ఆ మాంసకృత్తును తయారుచేయును. అందు వైరస్ లేదు గనుక టీకా వలన వ్యాధి సోకదు. ప్రేగుల జిగురులోని మ్యూసిన్ వంటి మానవ మాంసకృత్తులను సైతము పరిశోధనశాలల కొరకు జన్యువును జీవకణములలో చేర్చియే తయారుచేయుదురు.

మొదటి మోతాదు బిడ్డ పుట్టిన 24 గంటలలోపల పడవలెను. ఆలస్యమైనచో తల్లి నుండి సోకిన వైరస్ బిడ్డ కాలేయమున జీవితాంతము నిలిచిపోవచ్చును. ఇంటివద్ద జరిగిన కాన్పు వార్త ఆనాడే ఆరోగ్య ఉపకేంద్రమునకు చేరుచున్నదా యని సభ్యులు విచారింపవలెను.