యుద్ధం వద్దన్న అమెరికా యుద్ధంలోకి ఎలా వచ్చింది?



మొదటి ప్రపంచ యుద్ధం 1914లో మొదలైందని, అమెరికా 1917లో చేరిందని పాఠంలో చదువుకున్నాం. మరి మధ్యలో అమెరికా ఏం చేసింది? ఈ సందేహం వచ్చి లైబ్రరీ పుస్తకాలు చూశాను. తెలిసింది రాస్తున్నాను.

1914 ఆగస్టుకి ఒక పక్క బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా, ఇంకో పక్క జర్మనీ, ఆస్ట్రియా-హంగేరీ యుద్ధంలో ఉన్నాయి. అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ తాము తటస్థం అని ప్రకటించాడు. తటస్థం అంటే ఏ పక్కా చేరకపోవడం.

మాటకి తటస్థమే గానీ వ్యాపారం ఆగలేదు. జర్మనీ రేవులకు సరుకు పోకుండా బ్రిటన్ ఓడలు సముద్రంలో కాపు కాశాయి. అందుకని అమెరికా గోధుమలు, తూటాలు ఎక్కువగా బ్రిటన్, ఫ్రాన్సులకే పోయాయి. వాళ్లకి డబ్బు చాలకపోతే అమెరికా బ్యాంకులే అప్పిచ్చాయి. 1917 నాటికి ఆ పక్కకి ఇచ్చిన అప్పు 200 కోట్ల డాలర్లు దాటింది. జర్మనీకి ఇచ్చింది 3 కోట్లు కూడా లేదు. మా ఊళ్లో రెండిళ్లవాళ్లు గట్టు తగాదా పడుతుంటే, మూడో ఆయన నాకేం సంబంధం లేదంటూనే ఒక ఇంటికే కర్రలు అమ్మి, బియ్యం అప్పిచ్చినట్టుంది ఇది. రెండో ఇంటివాళ్లు ఊరుకుంటారా?

జర్మనీ ఊరుకోలేదు. జలాంతర్గాములతో, అంటే నీళ్ల కింద తిరిగే ఓడలతో, మిగతా ఓడల్ని ముంచింది. 1915 మే 7న లూసిటానియా అనే బ్రిటిష్ ఓడ ఐర్లండ్ దగ్గర 18 నిమిషాల్లో మునిగిపోయింది. 1,198 మంది చనిపోయారు. అందులో 128 మంది అమెరికావాళ్లు. చంటిపిల్లలు కూడా ఉన్నారు. ఆ ఓడలో తూటాలూ ఉన్నాయి. ఇక యుద్ధమే అనుకుంటూ పేజీ తిప్పాను, రాలేదు. విల్సన్ జర్మనీకి గట్టిగా ఉత్తరాలు రాశాడు. విదేశాంగ మంత్రి బ్రయన్ అయితే ఈ ఉత్తరాలే మనల్ని యుద్ధంలోకి లాగుతాయని రాజీనామా చేసేశాడు. పోట్లాడే దేశాల ఓడలు మనవాళ్లు ఎక్కకుండా చూడాలని ఆయన వాదన. నాకు ఆయన మాటే నచ్చింది.

1916లో జర్మనీ, హెచ్చరిక లేకుండా ఓడల్ని ముంచబోమని మాటిచ్చింది. మనల్ని యుద్ధానికి దూరంగా ఉంచాడు అనే ప్రచారంతో విల్సన్ ఆ ఏడాది మళ్లీ గెలిచాడు.

అయిదు నెలలకే అంతా మారింది. 1917 ఫిబ్రవరి 1 నుంచి హెచ్చరిక లేకుండానే ముంచుతామంది జర్మనీ. బ్రిటన్ తిండి లేక లొంగిపోతుందని, అమెరికా సైన్యం వచ్చేలోపే గెలిచేస్తామని దాని లెక్క. పైగా జర్మనీ మంత్రి జిమ్మర్‌మన్ మెక్సికోకి రహస్య టెలిగ్రాం పంపాడు. అమెరికాతో యుద్ధం వస్తే మాతో చేరండి, టెక్సాస్, న్యూమెక్సికో, అరిజోనా మళ్లీ మీవవుతాయి అని. బ్రిటిష్ వాళ్లు దాన్ని మధ్యలో పట్టేసి చదివేశారు. మార్చి 1న పేపర్లలో పడింది. ఆ నెలలోనే అమెరికా ఓడలు కూడా మునిగాయి.

ఏప్రిల్ 2న విల్సన్ వాళ్ల పార్లమెంటుకి వెళ్లి యుద్ధం ప్రకటించమని అడిగాడు. సెనేట్‌లో 82 మంది సరే అన్నారు, 6 గురు వద్దన్నారు. ప్రతినిధుల సభలో 373 మంది సరే, 50 మంది వద్దు. ఆ 50 మందిలో జెన్నెట్ రాంకిన్ ఉంది. అక్కడికి ఎన్నికైన మొట్టమొదటి ఆడమనిషి ఆమె. సభలో అడుగుపెట్టి వారం కూడా కాలేదు. ఏప్రిల్ 6న అమెరికా యుద్ధంలో చేరింది.

ఇంకొకటి చెప్పాలి. అక్కడి ఆదివాసుల్లో చాలామందిని అప్పటికి పౌరులుగానే లెక్కపెట్టలేదు. అయినా దాదాపు 12 వేల మంది ఆ యుద్ధానికి వెళ్లారు. 1918లో ఫ్రాన్స్‌లో చోక్టా సిపాయిలు ఫోన్‌లో తమ భాషలో కబుర్లు పంపితే, చాటుగా వింటున్న జర్మన్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆదివాసులందరికీ పౌరసత్వం ఇచ్చింది మాత్రం 1924లో.