గాజుగది నుండి నేలకు – ఒక కరివేప చెట్టు చెప్పిన ఋతుచర్య

విదేశములందు స్థిరపడిన మన పిల్లల ఇండ్లలో తులసి తరువాత ఆదరముగా పెంచుకొను మొక్క కరివేప. అది వారికి తాలింపులోని రుచి మాత్రమే కాదు, పుట్టింటి పెరటి వాసన కూడ. అట్టి చెట్టు విషయమున నేను చేసిన పొరపాటును, దాని వలన నేర్చిన పాఠమును ఇచట నివేదించుచున్నాను.

మా అమ్మాయి అమెరికాలోని హ్యూస్టన్ నగరమున కాపురమున్నది. తన తల్లి గతించిన సంవత్సరమున అక్కడనే ఒక చిన్న కరివేప మొక్కను కొని తొట్టిలో పెట్టుకొన్నది. పెరటిలోని గాజుగదిలో ఆ మొక్క 11 ఏండ్లు పెరిగినది. 2019 మార్చి నెలలో నేను వెళ్లునప్పటికి చెట్టు తల పైకప్పును తాకుచున్నది. ఆకులు పసుపు బారినవి. కొమ్మలు బక్కచిక్కినవి. "నాన్నగారూ, దీనికి ఏదైనా మందు చెప్పండి" అని అమ్మాయి అడిగినది. "మందు కాదమ్మా, దీనికి నేల కావాలి" అంటిని.

మరునాడే అల్లుని సాయముతో తొట్టిని నడి ఎండలోనికి లాగించితిని. మూడు దినములలో ఆకులు తెల్లబారి, అంచులు మాడి, రాలిపోయినవి. అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. రాలిన ఆకులను ఏరి పళ్లెములో పోసుకొన్నది. నాకు అది తిట్టు కన్న ఎక్కువైనది.

రోగికి చెప్పినది చెట్టుకు మరచితిని

చరక సంహిత సూత్రస్థానము 7వ అధ్యాయమున పాదాంశిక క్రమము చెప్పబడినది. చిరకాలముగా అలవడిన దానిని ఒక్కసారిగా విడువరాదు. పాతదానిని కొంచెము కొంచెముగా తగ్గించుచు, క్రొత్తదానిని కొంచెము కొంచెముగా పెంచుచు, నడుమ దినముల వ్యవధి ఇచ్చుచు మార్చుకొనవలెను. పొగాకు మానదలచిన వారికి, ఆహారము మార్చదలచిన వారికి నేను 40 ఏండ్లుగా చెప్పుచున్న మాట ఇదియే. గాజుగదిలో గాలి తగులక, మండుటెండ ఎరుగక పెరిగిన చెట్టుకు ఆ గదియే సాత్మ్యము. అది నాకు తోచకపోయినది. చలి, గాలి, ఎండ అను మూడింటి వలన చెట్లకు రోగములు కలుగునని వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేద ప్రకరణమున తెలిపియున్నాడు. ఆకు పాలిపోవుట, చిగురు ఎదగకుండుట, కొమ్మ ఎండుట వాని లక్షణములు.

చెట్టును తిరిగి లోపలికి చేర్చి, క్రొత్త ఆకు వచ్చిన పిమ్మట క్రమము ప్రకారము మొదలుపెట్టితిమి. మొదటి మూడు దినములు గాలి తగలని నీడలో రెండేసి గంటలు ఉంచితిమి. తరువాత ఉదయపు లేత ఎండలో ఒక గంట, రెండు గంటలు, అటుపై పూట అంతయు. మూడు వారములకు చెట్టు రాత్రింబవళ్లు బయటనే నిలిచినది.

నాటు విధము

రాత్రి వేడిమి 12 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గని దినములలో నాటవలెను. శరదృతువున నాటినచో వేరు కుదురుకొనక ముందే చలి మీద పడును. ఉత్తరపు గాలికి అడ్డుగా గోడ ఉండి, దక్షిణపు ఎండ తగులుచు, నీరు నిలువని చోటు శ్రేష్ఠము. తొట్టిలో ఏండ్ల తరబడి ఉన్న చెట్టు వేళ్లు గుండ్రముగా చుట్టుకొని యుండును. వానిని చేతితో మెల్లగా విడదీసి, మొదలును బిగించుచున్న వేరును కత్తిరించవలెను. గొయ్యి వేళ్ల ముద్దకు రెట్టింపు వెడల్పు ఉండవలెను. లోతు మాత్రము తొట్టిలో ఉన్నంతయే. ఆగస్టు దాటిన పిమ్మట ఎరువు వేయుట, కొమ్మలు కత్తిరించుట కూడదు. అప్పుడు వచ్చు లేత చిగురు చలికి మొదట బలియగును.

శీతకాల రక్షణ

మొదలు చుట్టును ఎండుటాకులు గాని చెక్కపేళ్లు గాని నాలుగైదు అంగుళముల మందమున పరచవలెను. మామూలు దినములలో అవి కాండమునకు ఆనరాదు, ఆనినచో బెరడు కుళ్లును. చలికి ఆకు రాల్చిన చెట్టుకు నీరు తగ్గించవలెను. గడ్డకట్టు చలి రానున్నదని తెలిసినచో ముందునాడు మొదట నీరు పోయవలెను. తడిసిన నేల పొడి నేల కంటె వేడిని ఎక్కువగా నిలుపుకొనును. నాలుగు కర్రలు పాతి, పాత దుప్పటిని నేల వరకు దించవలెను. నేల నుండి వచ్చు వేడి లోపల నిలుచును. ప్లాస్టిక్ పట్టా ఆకులకు తగులరాదు. పగలు ఎండ రాగానే ముసుగు తీయవలెను.

మొదటి చలికాలము ఈ విధముగా సుఖముగా గడిచినది. రెండవ చలికాలమున, 2021 ఫిబ్రవరిలో, టెక్సాస్ అంతటను మహాశీతము వచ్చినది. 16వ తేదీన హ్యూస్టన్‌లో సున్నాకు దిగువ సుమారు 10 డిగ్రీలు నమోదైనది. లక్షలాది ఇండ్లకు విద్యుత్తు లేదు. అమ్మాయి ఫోనులో ఏడ్చినది: "ఇంట్లో మాకే వెచ్చదనం లేదు నాన్నగారూ, చెట్టును ఎలా కాపాడను?" "కొమ్మలను వదిలెయ్యి తల్లీ, పాదాన్ని కాపాడు. ఈ నాలుగు రోజులకు మొదలు మీద అడుగు ఎత్తు మట్టి, ఎండుటాకులు కప్పు. మీరు జాగ్రత్త, చెట్టు తరువాత" అంటిని.

చలి తగ్గిన పిదప మట్టిని తీసివేసినది. పైకొమ్మలన్నియు నల్లబడినవి. కొట్టివేయుదునా అని అడిగినది. వలదంటిని. బెరడును గోటితో గీచి చూడవలెను. లోపల పచ్చదనమున్నచో ప్రాణమున్నట్లే. పై భాగమున కానరాకున్నను వేరు బ్రతికి యుండవచ్చును. వేసవి వచ్చు వరకు వేచితిమి. మే నెలలో మొదలు ప్రక్క నుండి మూడు పిలకలు లేచినవి. ఎండిన కొమ్మలను అప్పుడే కోయించితిని. నేడు ఆ మూడును మనిషి ఎత్తు దాటినవి.

ఇంకొక మాట. కరివేప నిమ్మజాతికి చెందినది. నిమ్మతోటలకు ముప్పు తెచ్చు పురుగు దీనిపైనను బ్రతుకును. కనుక టెక్సాస్ మొదలైన రాష్ట్రములలో ఈ మొక్కలను ఒక చోటి నుండి మరొక చోటికి తరలించుటపై ఆంక్షలున్నవి. బంధువులకు పంపదలచిన వారు అక్కడి వ్యవసాయ శాఖను అడిగి తెలిసికొనవలెను.

మన మన్యమున లంబసింగి వంటి చోట్ల తొట్టిమొక్కలు పెంచువారికిని ఈ క్రమమే వర్తించును. మొన్న అమ్మాయి ఫోను చేసి, ఆ చెట్టు ఆకు నూరి, అల్లము, సైంధవలవణము చేర్చి మజ్జిగ చేసితిననినది. భోజనానంతరము త్రాగినచో అది అగ్నిని దీపింపజేయును. "అమ్మ చేసినట్టే ఉంది నాన్నగారూ" అన్నది. చెట్టుకైనను మనిషికైనను మార్పును మెల్లగా అలవాటు చేయవలెను, కష్టకాలమున మూలమును కాపాడవలెను.