మన మైదానము

మాంచెస్టరు, మాడ్రిడు జట్ల యాట చూచుటకై నిజామాబాదు యువకులు తెల్లవారువరకు మేల్కొనుచున్నారు. అది తప్పని యనము. కాని మన యూరి బాలురాడునపుడు గట్టున నిలుచువా రెందరు?

హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 మారులు రోవర్సు కప్పును గెలిచెను. దానిని తీర్చిదిద్దిన సయ్యదు అబ్దుల్ రహీముగారి శిక్షణలోనే భారతదేశము 1951, 1962 ఏషియా క్రీడలలో స్వర్ణపతకము లందెను. మన జిల్లా బిడ్డ గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబు జట్టున చేరెను. ఇట్టివారు మొలకెత్తునది ఊరి మైదానముననే.

1937లో స్థాపితమైన బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతపడిన పిదప వగచినారము. మైదానమునకు ఆ గతి పట్టనీయరాదు. మనము చూడకున్నను మాడ్రిడుకు లోటు లేదు. ఊరి జట్టుకు పదిమంది వచ్చినను బలమే. రైతులు, వర్తకులు ఆదివారము సాయంకాలము తమ బిడ్డలతో గట్టుపై నిలువవలెను.