కథకు పేరు

బిడ్డ పుట్టిన తరువాత నామకరణం చేయడం లోకాచారం. కథల విషయంలో మాత్రం మన విద్యార్థులు ఈ ఆచారాన్ని తలక్రిందులు చేస్తుంటారు. కాగితం పైభాగాన ముందుగా పేరు వ్రాసి, దాని క్రింద గీత గీసి, ఆ పేరుకు తగిన కథకోసం వెదకుతారు. ఇది వ్యాసరచన తరగతి నేర్పిన అలవాటు. అక్కడ ఉపాధ్యాయుడు శీర్షికను ఇస్తాడు. విద్యార్థి దానిని విస్తరిస్తాడు. కథ అట్లా పుట్టదు. వ్యాసానికి శీర్షిక బయలుదేరే చోటు. కథకు అది చేరవలసిన చోటు.

మన ప్రాచీన కవులలో పెక్కుమందికి ఈ చిక్కు లేదు. నాయకుని పేరుకు చరిత్రమనో, పెండ్లికథ అయితే పరిణయమనో చేర్చితే కావ్యానికి పేరు కుదిరేది. అయినా శ్రీకృష్ణదేవరాయల ప్రబంధాన్ని గమనించండి. దానికి రెండు పేర్లున్నాయి. విష్ణుచిత్తీయమన్నది తండ్రి పేరుమీద ఏర్పడింది. ఆముక్తమాల్యద అన్నది కూతురు గోదాదేవి చేసిన ఒక్క పనిని పట్టుకొన్నది: తాను ముడిచి విడిచిన పూమాలను స్వామికి సమర్పించినది అని దాని అర్థం. లోకంలో ఎక్కువగా నిలిచినది ఈ రెండవ పేరే. మొదటి పేరు గ్రంథం ఎవరిని గూర్చినదో చెబుతుంది. రెండవది గ్రంథానికి ప్రాణం ఎక్కడ ఉన్నదో చూపుతుంది. పేరు పెట్టడంలోని రహస్యమంతా ఈ భేదంలోనే ఉన్నది.

ఆధునిక వచనరచనలోనూ ఈ మార్పు కానవస్తుంది. వీరేశలింగం పంతులుగారు 1878లో ప్రకటింప నారంభించిన రాజశేఖర చరిత్రమునకు వివేకచంద్రిక అనేది మరొక పేరు. మొదటి పేరు నాయకునిది. రెండవది రచయిత ఉద్దేశానిది. అంటే కథ చదివి పాఠకుడు పొందవలసిన ఫలాన్ని అట్టమీదనే ప్రకటించడం జరిగింది. ముప్పది రెండేండ్ల తరువాత, 1910లో, గురజాడ అప్పారావుగారు తమ కథకు దిద్దుబాటు అని పేరు పెట్టారు. అందులో నాయకుడి పేరు లేదు. వేశ్యాసంపర్కం తగదన్న నీతివాక్యమూ లేదు. అది బడిలో నిత్యం వినిపించే మాట. అక్షరం దిద్దడం గురువు పని. ఈ కథలో చదువుకొన్న భార్య ఒక ఉత్తరం వ్రాసి భర్త నడతను దిద్దుతుంది. ఒక్క మాటతో సంస్కారం, చమత్కారం రెండూ సిద్ధించాయి. మందలింపు మాత్రం వినిపించదు.

మంచి పేరుకు ఒక పరీక్ష ఉన్నది. కథ చదవకముందు ఒక అర్థం, చదివిన తరువాత మరొక అర్థం స్ఫురించాలి. పాలగుమ్మి పద్మరాజుగారి గాలివాన 1952లో అంతర్జాతీయ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి పొందింది. పేరు చూసి మనం తుపాను కథ అనుకొంటాము. తుపాను నిజంగానే వస్తుంది. చివరకు వచ్చేసరికి, నియమాలనే గోడలు కట్టుకొని బ్రతికిన ఒక పెద్దమనిషి మనస్సులో ఆ గోడలను కదల్చిన గాలి ఏదో తెలుస్తుంది. పేరు మారలేదు, మనం మారాము. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వడ్లగింజలు కూడా అటువంటిదే. ఇంత అల్పమైన పేరా అనిపిస్తుంది. చదరంగంలోని అరువదినాలుగు గళ్ళలో మొదటి గడికి ఒక గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు చొప్పున పెంచుకొంటూ పోతే మొత్తం ఇరవై అంకెల సంఖ్య అవుతుంది. ఆ లెక్క తెలిసిన తరువాత ఆ పేరును అల్పమని ఎవరూ అనలేరు.

ఇంత దూరం పోనక్కరలేదు. పాకాల ప్రాంతపు విద్యార్థికి ఈ పాఠం చెప్పగల కథకుడు పొరుగూరిలోనే ఉండేవారు. మధురాంతకం రాజారాంగారు పాకాల మండలంలోని దామలచెరువులో నివసించారు. ఉపాధ్యాయవృత్తిలో ఉంటూనే వందలాది కథలు వ్రాశారు. 1993లో ఆయన కథల సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన పెట్టిన పేర్లనే ఒక పాఠంగా చదువుకోవచ్చు. వర్షించిన మేఘం అన్న పేరు చూడండి. మేఘం అని ఊరుకొంటే అది ఎవరికైనా చెందే మాట. మబ్బు కమ్మినంత మాత్రాన వాన పడుతుందన్న నమ్మకం లేని ఈ సీమలో, వర్షించిన అనే ఒక్క విశేషణానికి ఎంత బరువున్నదో రైతుబిడ్డకు వేరే చెప్పనక్కరలేదు. తాను వెలిగించిన దీపాలు అన్నప్పుడు, ఆ తాను ఎవరు, ఆ దీపాలు ఏమైనాయి అన్న ప్రశ్న పుడుతుంది. చిన్న ప్రపంచం - సిరివాడ అనే నవల పేరులో ప్రపంచం ప్రక్కన ఒక ఊరు నిలబడి, తన కొలతను తానే చెప్పుకొంటున్నది.

ఈ ప్రాంతానికే చెందిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారు మరొక మార్గం తొక్కారు. సినబ్బ కతలు, మునికన్నడి సేద్యం అన్న పేర్లలో పల్లె నోటి పలుకు ఉన్నది. ‘సినబ్బ’ను చినబ్బగా, ‘కతల’ను కథలుగా సవరించి చూడండి, పేరు శుద్ధమవుతుంది, మనిషి మాయమవుతాడు. కథ ఏ గొంతుతో చెప్పబడుతున్నదో పేరు కూడా ఆ గొంతుతోనే పలకాలి.

ఇప్పుడు ఒక ఉదాహరణ కల్పించి చూద్దాం. పాకాల ప్రక్కపల్లెలోని విద్యార్థి ఒక కథ వ్రాశాడనుకొందాం. వానలు లేని ఏడు, తండ్రి ఎద్దులజతను సంతలో అమ్ముతాడు. తోలుకొని పోయేముందు వాటి మెడలోని గంటల పట్టెడలు విప్పి కొట్టంలో కొయ్యకు తగిలిస్తాడు. నాడు రాత్రి గాలికి గంటలు మ్రోగుతాయి. నిద్రమత్తులో తల్లి లేచి, అలవాటుచొప్పున మేత వేయడానికి కొట్టంలోకి పోతుంది. అక్కడ ఎద్దులు లేవు. ఇంతే కథ.

దీనికి కరువు అని పేరు పెడితే అది వేయి కథలకు సరిపోతుంది. కనుక ఈ కథకు సరిపోదు. ఎద్దుల అమ్మకం అంటే జరిగినది తెలుస్తుంది గాని తగిలినది తెలియదు. రైతు కన్నీళ్ళు అంటే పాఠకునికి రావలసిన కన్నీటిని రచయితే ముందుగా కార్చినట్లవుతుంది. ఏ సామెతనో పేరుగా పెడితే కథ సామెతకు దృష్టాంతమై చిన్నబోతుంది. ఖాళీ కొట్టం అంటే చివరి వాక్యపు బలం ముందుగానే జారిపోతుంది. గంటల పట్టెడ అన్నామనుకోండి. మొదట అది అలంకారంవలె తోస్తుంది. కథ ముగిసేసరికి, లేనివాటి చప్పుడుగా వినిపిస్తుంది. పేరు ఏ రహస్యమూ బయటపెట్టలేదు, ఎవరినీ మోసగించలేదు.

ఈ పేరు దొరకాలంటే ఆ విద్యార్థి తన కథను తానే మరల చదువుకోవాలి. తనను వ్రాయించినది కరువా, తండ్రి దైన్యమా, తల్లి అర్ధరాత్రి లేవడమా అని తనను తాను ప్రశ్నించుకోవాలి. పేరు పెట్టడం అలంకారవిషయం కాదని నేననేది ఇందుకే. ఎంత వెదకినా పేరు కుదరడంలేదంటే లోపం పేరులో కాక, తరచు కథలోనే ఉంటుంది. రెండు కథలు ఒకటిగా కలిసిపోయి ఉండవచ్చు. లేదా చెప్పదలచినది ఇంకా కాగితంమీదికి రాకపోయి ఉండవచ్చు. అట్టి సమయంలో నిఘంటువు తిరగవేయడంకంటె కథను తిరగ వ్రాయడం మేలు.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగం చేయవచ్చు. ఒక కథను పేరు చెప్పకుండా చదివి వినిపించండి. ప్రతి విద్యార్థిని ఒక పేరు వ్రాయమనండి. ఆ పేరుకు కథలోని ఏ వాక్యం ఆధారమో చూపమనండి. నలభైమంది నలభై పేర్లు వ్రాసినా విచారపడవద్దు. ఎవరు ఏది వినగలిగారో ఆ పేర్లే చెబుతాయి. అటుపిమ్మట రచయిత పెట్టిన పేరును నల్లబల్లమీద వ్రాయండి. దానికంటె మంచి పేరు వెనుక బల్ల పిల్లవాడి కాగితంలో కనబడితే, దానిని కూడా ప్రక్కనే వ్రాయడానికి సంకోచించకండి. తన మాట నల్లబల్ల ఎక్కిన నాడు ఆ పిల్లవాడు పేరుతో ఊరుకోడు. దాని క్రిందికి ఒక కథ కూడా వ్రాసుకొని వస్తాడు.